అత్తయ్య గదిలో పంపు

మా అత్తయ్య నీళ్ళు తాగడం మానేసిందన్న సంగతి డాక్టరమ్మ బయటపెట్టింది. జ్వరం, ఒంటేలుకు వెళ్తే మంట అని తీసుకెళ్తే, ఆవిడ మందులు రాస్తూ రాస్తూ తలెత్తి, "రోజుకి ఎన్ని నీళ్ళు తాగుతున్నారు పెద్దమ్మగారూ?" అనడిగింది. అత్తయ్య నేలచూపులు చూసింది. ఇంటికొచ్చే దారిలో నేను వదలకుండా ప్రాణం తోడితే అప్పుడు నోరు విప్పింది.

"తాగితే పైకెక్కాలి కదమ్మాయ్. మోకాళ్ళు మాట వినొద్దూ."

మా ఇల్లు ఏటవాలు నేల మీద ఉంది. వీధి ఎత్తులో, పెరడు పల్లంలో. వీధి మట్టానికి కింద, పెరట్లోకి తలుపున్న గది అత్తయ్యది. అందులో ఆవిడ కుట్టుమిషను, బట్టల బీరువా, మంచం. బట్టలు కుట్టించుకునేవాళ్ళు పెరటి దారినే వస్తారు. బాత్రూమ్ మాత్రం పైనే ఉంది.

కింద కూడా ఒకటి కట్టిద్దామని మా ఆయన ప్లంబర్లను పిలిచాడు. వచ్చినవాడల్లా వీధిలో డ్రైనేజీ మూత ఎత్తి చూడడం, కిందికొచ్చి గోడ చూడడం, బుర్ర గోక్కోవడం. వీధి గొట్టం మా అత్తయ్య తలకన్నా ఎత్తులో ఉంది. మురుగు ఎక్కడికి పోతుందన్నారు. వాళ్ళ మాట పట్టుకుని మా ఆయన, "ఇక మిషను అమ్మేసి అమ్మను పైకి మార్చేద్దాం," అన్నాడు. అత్తయ్య చేతిలో ఉన్న లంగా అంచు మడతపెట్టి కుడుతూనే ఉంది. మా ఆయన మీద నాకు ఒళ్ళు మండింది. మిషను పోతే ఆవిడలో ఇంకేం మిగులుతుంది?

చివరికి ఒకాయన వచ్చాడు. నోరు తెరిస్తే కోతలే. తాను బిగించిన పంపులు కొండల్ని కూడా ఎత్తుతాయన్నట్టు మాట్లాడాడు. మేం కోతలాయన అని పేరు పెట్టుకున్నాం.

"మురుగు కిందికే పోవాలని ఎవరన్నారమ్మా? పైకి పంపిద్దాం," అన్నాడు.

అన్నట్టే గది పక్కన బాత్రూమ్ కట్టించి, దాని మూల గొయ్యి తవ్వించి ప్లాస్టిక్ తొట్టి దించాడు. అందులో పంపు కూర్చోబెట్టాడు. బాత్రూమ్‌లోంచి అత్తయ్య గది గోడవెంట ఒక గొట్టం వీధి డ్రైనేజీకి, ఇంకోటి వాసన పోవడానికి కప్పు పైకి. తొట్టి నిండుతుంటే నీళ్ళమీద తేలే బుడ్డి లేస్తుందట, అది లేస్తే మోటారు తిరుగుతుందట. పైకెక్కింది మళ్ళీ జారి వెనక్కి రాకుండా మధ్యలో వాల్వు. నేను నమ్మలేదు.

మూత బిగించే ముందు బకెట్లతో నీళ్ళు పోసి చూపించాడు. బుడ్డి ఆదివారం పొద్దున మా ఆయన లేచినంత తీరిగ్గా లేచింది. గుర్రుమని మోత మొదలైంది. తొట్టిలో నీళ్ళు చూస్తుండగానే కిందికి దిగిపోయాయి. నేను గొట్టం మీద అరచెయ్యి ఆనించాను. లోపల బరువుగా, చల్లగా ఏదో నా చెయ్యి దాటి, తల దాటి పైకి పోతోంది. వీధిలోంచి మా ఆయన గొంతు వినిపించింది: "వచ్చిందే, ఇక్కడ పడుతోంది." నాకు ఒళ్ళు జలదరించింది. పుట్టి బుద్ధెరిగాక నీళ్ళు పల్లానికి పోవడమే చూశాను. మనం ముక్కు మూసుకుని వదిలించుకునే మురుగు కూడా ఇక ఇలాగే గోడెక్కి పోతుందన్నమాట. అత్తయ్య కూడా వచ్చి, సూది పోట్లతో గరుకెక్కిన వేళ్ళు గొట్టం మీద పెట్టింది.

"ఔరా," అంది మెల్లగా. చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

అంతా బాగుందనుకున్నాను. కానీ మిషను పక్కన నేను పెట్టే కూజా పెట్టింది పెట్టినట్టే ఉంటోంది. అత్తయ్యకు పెదాలు ఎండిపోయి మళ్ళీ మంట మొదలైంది. నాకసలే నోరు ఆగదు.

"గుమ్మం పక్కనే బాత్రూమ్ పెట్టుకుని దాహంతో మాడతారా అత్తయ్యా? ఇంకా ఏమొచ్చింది?"

అత్తయ్య దారం పంటితో తుంచి, అటూ ఇటూ చూసి చెప్పింది. "అది మోగుతుందమ్మాయ్. పైన వాడు అన్నం తింటుంటాడు. ఇక్కడ బట్టలకోసం వచ్చినవాళ్ళు కూర్చునుంటారు. నేను వెళ్ళొచ్చానని అందరికీ దండోరా వేసినట్టుంటుంది."

నవ్వబోయాను. నవ్వు రాలేదు. ఇన్నేళ్ళుగా అందరి ఒంటి కొలతలూ తీసిన మనిషి, తన ఒంటి సంగతి గోడకు కూడా తెలియకూడదనుకుంటోంది.

కోతలాయనకు ఫోన్ చేసి, అత్తయ్య వెళ్ళినప్పుడల్లా మోగుతోందని చెప్పి, ఆ మోత ఆపమన్నాను. మొదటిసారి కోతలు లేకుండా మాట్లాడాడు. "మోత పూర్తిగా ఆపడం నా వల్ల కాదమ్మా. అయినా ఆవిడ వెళ్ళినప్పుడల్లా ఎందుకు మోగుతుంది? తొట్టి నిండితేనే కదా. ఎవరి నీళ్ళయితేనేం, దానికి లెక్కలేదు."

ఫోన్ పెట్టేశాక ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఆ తొట్టిని నింపేది అత్తయ్య ఒక్కతే అయితే, ఆ మోత ఎప్పుడూ ఆవిడదే.

మర్నాటి నుంచి నా స్నానం కింద, బట్టలు ఉతకడం కింద. మా ఆయన్నీ తరిమాను.

"పైన బాత్రూమ్ ఉండగా నాకీ తిప్పలేంటి?"

"అడక్కండి. వెళ్ళండి."

తువ్వాలు భుజాన వేసుకుని, సణుక్కుంటూ దిగాడు. బట్టలకోసం వచ్చినవాళ్ళకీ నేనే ఆ తలుపు చూపించడం మొదలుపెట్టాను. అత్తయ్య నావంక ఓరగా చూసేది.

ఒక మధ్యాహ్నం గౌను కొలతలిచ్చిన ఆవిడ బాత్రూమ్‌కి వెళ్ళొచ్చి కూర్చుంది. అంతకుముందే నేను దుప్పట్లు ఉతికాను. మా ఆయన స్నానం చేసి పైన భోజనానికి కూర్చున్నాడు. అత్తయ్య వెళ్ళి వచ్చి మిషను ముందు సర్దుకుంటుండగా గుర్రుమని మోత మొదలైంది. అత్తయ్య ఉలిక్కిపడి నావంక చూసింది. గౌను ఆవిడ తల కూడా ఎత్తలేదు, గుడ్డ రంగు చూసుకుంటోంది. పైన గిన్నెలో గరిటె చప్పుడు ఆగలేదు. గొట్టం అందరిదీ కలిపి మోసుకుంటూ సన్నగా వణికి, నెమ్మదించింది.

"ఎవరిదో," అంది అత్తయ్య, నాకు మాత్రమే వినపడేలా.

"అందరిదీ అత్తయ్యా," అన్నాను.

అత్తయ్య ఆ గొట్టం వంక చూసింది. తర్వాత కూజా వంచుకుని, గ్లాసెడు నీళ్ళు గటగటా తాగి, ఖాళీ గ్లాసు నా చేతికిచ్చింది.

"కూజా నింపి పట్రా అమ్మాయ్," అంది.