మూడు టార్చి సెల్లులు

తప్పు నాదే. పొద్దున సైటుకి రాగానే మొబైల్ ఫోన్‌ని పికప్ ముందు అద్దం కింద పెట్టి మర్చిపోయాను. దోహా అవతల బిర్కత్ అల్ అవామిర్ ఎడారి ఎండ సంగతి తెలిసీను. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్లేదు. మధ్యాహ్నానికి దాని బ్యాటరీ పూరీలా ఉబ్బి చచ్చింది.

తొంభై ఏడులో మా క్యాంప్ మొత్తానికి అదొక్కటే మొబైల్. ఆ రోజు నాలుగు గంటలకి గంగాప్రసాద్ తల్లి దానికే ఫోన్ చెయ్యాలి. అతను మా దగ్గర ఇనప చువ్వలు వంచే పనివాడు, నిజామాబాద్ వైపు. అతని భార్య మమతకి కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని ఆపరేషన్. ముందు ఇద్దరు పిల్లలు దక్కలేదు. తల్లి భూమవ్వ ఆసుపత్రి ఎదురు టెలిఫోన్ బూత్ నుంచి చేస్తే తప్ప, ఇటునుంచి చెయ్యడానికి మాకు ఏ నెంబరూ లేదు.

ఇంజనీరింగ్‌లో ఫస్టు క్లాసు వచ్చిన నేను తల పట్టుకుని కూర్చున్నాను. పికప్ బ్యాటరీకి కలిపితే పన్నెండు వోల్టులకి ఫోన్ మాడిపోతుంది. దోహా వెళ్ళి కొత్తది తెచ్చేసరికి ఐదు దాటుతుంది.

"పరేషాన్ గాకుండ్రి రావు సార్," అన్నాడు గంగాప్రసాద్. "మా ఊళ్ళె రేడియోల సెల్లులు దిగితే బయట సెల్లులు కట్టి పాడిపిస్తం. గిది గూడ గంతే గద."

"ఇది రేడియో కాదయ్యా," అన్నాను విసుగ్గా.

అతను అప్పటికే పనిలో పడ్డాడు. బ్యాటరీ పెంకు విప్పి, లోపల ఉబ్బినవి కోసి తీసేసి, మిగిలిన తీగలకి మరో రెండు తీగలు మెలేశాడు. వాచ్‌మన్ టార్చిలోంచి మూడు లావు సెల్లులు తీసి, ఒకదాని వెనక ఒకటి పేర్చి, పాత సైకిల్ ట్యూబు ముక్కతో బిగించాడు. మూడూ కలిస్తే నాలుగున్నర వోల్టులు. ఫోన్ అడిగేదీ దాదాపు అంతే. నాకెందుకు తట్టలేదో! ఖాళీ పెంకుని ఫోన్‌కి తగిలించి, తీగల కొసల్ని రెండు బొటనవేళ్ళతో సెల్లుల చివర్లకి అదిమిపట్టాడు.

మీట నేను నొక్కాను. ఆకుపచ్చ వెలుగు వచ్చింది. సిగ్నల్ గీతలు ఒకటి, రెండు, మూడు లేచాయి. ఇసక మధ్య, టార్చి సెల్లులతో, ఆ ఫోన్ ఎక్కడో ఉన్న టవర్‌ని అందుకుంది. పుస్తకాల్లో చదివిందే అయినా, ఎదురుగా చూస్తుంటే నమ్మబుద్ధి కాలేదు.

నాలుగూ పదికి మోగింది. అతను చేతులు కదపకూడదు. ఫోన్‌ని నేనే అతని చెవికి ఆనించాను.

"అవ్వా, మమత ఎట్లుంది?"

భూమవ్వ గొంతు నాకూ వినిపించింది. "మంచిగుంది కొడుకా. ఆడపిల్ల పుట్టింది. దవాఖానంత ఇనవడేటట్టు ఏడుస్తుంది."

గంగాప్రసాద్ నవ్వబోయాడు గానీ ఏడుపు వచ్చేసింది. తుడుచుకుందామంటే వేళ్ళు తియ్యడానికి లేదు, తీస్తే లైను పోతుంది. జేబురుమాలు తీసి ఆ కళ్ళు నేనే తుడిచాను.