ముసలి ల్యాప్‌టాప్, మూలన పేరు

మధ్యాహ్నం రెండింటికి, ఆఫీసంతా క్యారేజీలు విప్పుకుని కూర్చున్న వేళ, డ్రాయింగమ్మ తన ల్యాప్‌టాప్‌ని బల్ల మీద బోర్లా పెట్టి స్క్రూలు విప్పడం మొదలుపెట్టింది. బిల్డింగుల ప్లాన్లు గీస్తుంది కాబట్టి అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. ఆమె సర్వీసు పదహారేళ్ళు, ల్యాప్‌టాప్ వయసు తొమ్మిది.

ఆ పనేదో ఇంటి దగ్గర చేసుకోవచ్చు కదా అంటారేమో. ఎందుకు చేసుకోవాలండీ? మాట పడింది ఇక్కడ.

జరిగిందేమిటంటే, ఒక డాక్టరమ్మ కట్టించబోయే మూడంతస్తుల ఆస్పత్రికి కింది రెండంతస్తులూ ఈమె గీసింది. పై అంతస్తు ఇంజనీరుగారి బావమరిది గీశాడు. మూడూ కలిపిన ఫైలు తెరవబోతే ఈమె ల్యాప్‌టాప్ మెమరీ చాలక బిగుసుకుపోతుంది. బావమరిదికి కొనిచ్చిన కొత్తదాంట్లో ఇట్టే తెరుచుకుంటుంది. నిన్న ప్రింటు తీస్తే, కాగితం మూలనుండే పెట్టెలో 'గీసినవారు' అన్నచోట మూడంతస్తులకీ అతగాడి పేరే ఉంది. ఈమె పేరు మచ్చుకైనా లేదు.

"ఇదేంటి తమ్ముడూ?" అని అడిగితే, "తెరిచినవాడి పేరే ఉంటుందక్కా. మీ నత్తలో తెరుచుకోదుగా," అన్నాడు నవ్వుతూ.

ఇంజనీరుగారికి చెబితే ఆయన కాగితాల్లోంచి తలెత్తలేదు. "రేపు మూడింటికి డాక్టరమ్మ వస్తుంది. ఆలోగా మీదాంట్లో తెరవగలిగితే పేరు మార్చుకోండి. లేదంటే వదిలెయ్యండమ్మా, పేరులో ఏముంది," అన్నారు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. పేరులో ఏమీ లేకపోతే ఆ అబ్బాయి తన పేరెందుకు పెట్టుకున్నాడట? రెండు నెలలు నడుం పడిపోయేలా గీసింది ఎవరట?

సాయంత్రం తిన్నగా రిపేరు షాపుకెళ్ళింది. "దీనికింకా మెమరీ ఎందుకమ్మా, ముసలిదైపోయింది," అన్నాడు షాపాయన.

"ముసలిదైతే? చచ్చిపోలేదుగా."

ఆయన నవ్వి, లోపల రెండు అరలుంటాయనీ ఒకటి ఖాళీయేననీ కాగితం మీద గీసి చూపించాడు. వేలెడు పొడవున్న పచ్చటి మెమరీ పట్టీ ఒకటి చేతిలో పెట్టాడు. ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాలట. నేనే పెట్టిస్తానని ఆయనన్నా వినకుండా పట్టుకొచ్చేసింది.

అదిగో, ఇప్పుడు విప్పుతోంది. చార్జరు పీకేసింది, బ్యాటరీ తీసేసింది, ఒంటి మీది స్టాటిక్ కరెంటు పోవాలని షాపాయన చెప్పినట్టు ఇనప బీరువాని ఓసారి ముట్టుకుంది. తొమ్మిది స్క్రూలూ సాసర్లో పడ్డాయి. బావమరిది పళ్ళు కుట్టుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఉన్నదీ ఊడగొట్టుకుంటారక్కా."

ఆమె పట్టీని మెల్లగా దూర్చి, మెల్లగా వాల్చి, బ్యాటరీ పెట్టి బటన్ నొక్కింది. తెర నల్లగా ఉండిపోయింది.

"చెబితే విన్నారా?" అన్నాడు బావమరిది. ఇంజనీరుగారు కూడా గదిలోంచి వచ్చి, "ఇక చాలమ్మా. అతను చూపిస్తాడు," అన్నారు.

"మూడింటిదాకా అన్నారు. ఇంకా పాతిక నిమిషాలుందండి."

మళ్ళీ బ్యాటరీ తీసి, కళ్ళజోడు సర్దుకుని చూసింది. పట్టీ అంచున బంగారు రంగు గీత ఇంకా బయటికే కనబడుతోంది. పూర్తిగా దిగలేదన్నమాట. విరుగుతుందేమోనని గట్టిగా నొక్కలేదు మరి. ఈ ఆఫీసులో పదహారేళ్ళుగా చేస్తున్నదీ అదే, ఎవరేమనుకుంటారోనని అన్నీ మెల్లగానే. ఈసారి బొటనవేళ్ళు రెండూ ఆనించి, విరిగితే విరగనీ అని నొక్కింది. పట్టీ లోపలికి దిగింది. కిందికి వాల్చగానే రెండు వైపులా కొక్కేలు టక్కుమన్నాయి.

మూడుకి ఐదు నిమిషాలుందనగా ఆస్పత్రి మొత్తం తెర మీద పరుచుకుంది. పేరు మారుద్దామని మూల పెట్టె దగ్గరకెళ్ళబోయి ఆగింది. తన మెట్లు ఎడమ చివరనుంచి పైకెళ్తున్నాయి. పై అంతస్తులో బావమరిది మెట్ల గదిని కుడి చివర పెట్టాడు. అతని కొత్తదాంట్లో ఈ ఫైలు పాతికసార్లు తెరుచుకుని ఉంటుంది, ఒక్కసారైనా సరిగ్గా చూసిన పాపాన పోలేదు.

ఆమె కీబోర్డు మీంచి చెయ్యి తీసేసింది.

డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. తెర మీద వేలు పెట్టి, "ఈ మెట్లెక్కి పైకెళ్తే ఎక్కడ తేలతాం?" అంది.

"గోడలోనండి," అంది డ్రాయింగమ్మ.

ఇంజనీరుగారి మొహం మాడిపోయింది. "ఎవరు గీశారిది?"

"మూలన రాసి ఉందిగా. చదవండి."

ఆయన వంగి చదివి బావమరిది వైపు తిరిగారు. ఆ అబ్బాయి ఒకడుగు వెనక్కి వేశాడు. "బావా, కింది రెండూ నేను గీయలేదు... అక్క గీసింది."

"కాస్త గట్టిగా చెప్పు తమ్ముడూ. డాక్టరమ్మగారికి వినపడలేదు."

గట్టిగానే చెప్పాడు, చెప్పక చస్తాడా. ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుని, అందరూ చూస్తుండగా కింది రెండంతస్తుల పెట్టెల్లో అతని పేరు చెరిపేసి తన పేరు కొట్టింది. మూడోదాని జోలికి మాత్రం పోలేదు. అది అతను గీసిందే కదా.