ఇరవై రెట్ల ఊరు

నేను ఒక ఊరిని. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సముద్రపు ఒడ్డున ఉన్న సన్నపేట అనే ఊరి నమూనాను. నాలుగడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. ప్లైవుడ్ పలక మీద థర్మోకోల్, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఆ పైన రంగులు. నా మీద నూట నలభై రెండు ఇళ్ళు, ఒక బడి, ఒక రామమందిరం, వలలు బాగుచేసుకునే పాక ఉన్నాయి. మనుషులు లేరు. అందుకే కాబోలు, చూసినవాళ్ళందరూ ఎంత శుభ్రంగా ఉందో అని నన్ను మెచ్చుకుంటారు.

నేను పుట్టింది విశాఖపట్నంలో, సత్యానందం కొట్టులో. అపార్టుమెంట్లు కట్టేవాళ్ళకు బొమ్మ మేడలు చేసివ్వడం ఆయన వృత్తి. నా పక్క బల్ల మీద ఈతకొలనుతో సహా పదమూడంతస్తుల మేడ ఒకటి ఉండేది. అది నన్ను మనిషిగా, అంటే ఊరిగా, లెక్కచేసేది కాదు. చేతి అలవాటు కొద్దీ సత్యానందం నా మీద కూడా వరసగా స్పాంజి చెట్లు గుచ్చాడు. సన్నపేటలో అన్ని చెట్లు లేవని హైమవతి అంటే, "ఉండనివ్వండి మేడమ్, చెట్లుంటే కళొస్తుంది" అన్నాడు.

నన్ను చేయించింది ఈ హైమవతే. యూనివర్సిటీలో సముద్రం మీద పరిశోధన చేస్తుంది. పదకొండేళ్ళుగా సన్నపేట ఒడ్డును కొలుస్తోంది. తీరం ఏడాదికెంత తరిగిపోతోందో, పెద్ద తుపాను వస్తే నీళ్ళు ఎంతదాకా వస్తాయో ఆమె దగ్గర లెక్కలున్నాయి. ఆ లెక్కలు పెద్దపెద్ద పత్రికల్లో అచ్చయ్యాయి, పరాయి దేశాలవాళ్ళు చదివి ఉత్తరాలు రాశారు. సన్నపేటకు గంట ప్రయాణంలో ఉన్న జిల్లా ఆఫీసులో మాత్రం ఒక్కరూ చదవలేదు. చదవనివాళ్ళకు కళ్ళతో చూపిద్దామని నన్ను చేయించింది. నాకు ఒక పక్కన సముద్రానికని తొట్టి పెట్టించింది. అందులో నీలం నీళ్ళు పోస్తే అవి మెల్లగా ఒడ్డెక్కి, ఒక్కో ఇంటినీ ముంచుకుంటూ లోపల గీసిన ఎర్ర గీత దాకా వస్తాయి.

చిక్కల్లా ఒక్కటే. సన్నపేట చాపలా చదునుగా ఉంటుంది. ఉన్నదున్నట్టు చేస్తే నా మీద మిట్టా పల్లం తెలియవు. అందుకని ఇలాంటి నమూనాలు చేయించే శాస్త్రజ్ఞులు మామూలుగా చేసే పనే హైమవతీ చేసింది. నేలకూ నీళ్ళకూ ఒకే లెక్కన ఎత్తు ఇరవై రెట్లు పెంచింది. ఆ సంగతి ఒక మూల చిన్న అక్షరాలతో రాయించింది కూడా. బాగా చదువుకున్నవాళ్ళకు మూలన రాసే చిన్న అక్షరాల మీద ఎక్కడలేని నమ్మకం.

ముందు నన్ను ఊళ్ళోకే తీసుకెళ్ళారు. వలల పాకలో దించగానే జనం మూగి ఎవరి ఇల్లు వాళ్ళు వెతుక్కున్నారు. సూరాడ దాసమ్మ అనే ఆవిడ, ఎండుచేపలమ్మే మనిషి, మొదటి వరసలో తన ఇల్లు చూసుకుని నవ్వింది.

"మా ఊరు గుట్ట మీద కట్టేసినారేటమ్మా?"

చూడ్డానికి వీలుగా ఎత్తు పెంచామని హైమవతి చెప్పింది. తర్వాత నీళ్ళు పోసింది. దాసమ్మ ఇల్లు మునిగింది, మందిరం మునిగింది, బడి మునిగింది. ఎవరూ ఉలిక్కిపడలేదు. హైమవతి ముఖం చూస్తే నాకు జాలేసింది. పాపం, వాళ్ళు నివ్వెరపోతారనుకుంది.

"ఇది మాకు తెల్సిందేనమ్మా," అంది దాసమ్మ. "మా అత్తోరిల్లు ఇప్పుడు సంద్రంలో ఉంది. తెలీనోలకి సూపించండి."

రోడ్డుకు అవతల మెరక మీద ప్రభుత్వ భూమి ఉంది. అక్కడ స్థలాలిచ్చి ఊరిని తరలించాలని ఒక ఫైలు జిల్లా ఆఫీసులో నాలుగేళ్ళుగా కూర్చుని ఉంది. తుపాను వచ్చేలోగా అది లేవాలి. వాళ్ళకు కావలసిందల్లా అదే.

నన్ను ఆఫీసు మీటింగు హాల్లోకి మోసుకెళ్ళిన రోజున దాసమ్మ ఉతికిన చీర కట్టుకుని వెంట వచ్చింది. తలుపు దగ్గరే మొదటి దెబ్బ తగిలింది. హాల్లో కొత్త తివాచీ పరిచారట, నీళ్ళు పొయ్యడానికి వీల్లేదన్నారు. అలా నేను ఎండిన సముద్రంతో పెద్దల ముందుకు వెళ్ళాను.

అక్కడి పెద్ద అధికారి చెడ్డవాడు కాదు. హైమవతిని కూర్చోమన్నాడు, టీ ఇప్పించాడు. నా మీదకు వంగి చెట్లు చూసి ముచ్చటపడ్డాడు. తర్వాత వేలు పెట్టి ఒడ్డు నుంచి ఇళ్ళ దాకా తడిమాడు.

"ఊరు మంచి ఎత్తులోనే ఉందే?"

"ఆ ఎత్తు నిజం కాదండీ. ఇరవై రెట్లు పెంచాం."

"మీరే పెంచారా?" అన్నాడాయన, పక్కవాళ్ళ వంక చూసి. "అయితే మునకని కూడా ఇరవై రెట్లు పెంచే ఉంటారు."

అందరూ మర్యాదగా నవ్వారు. నేలనీ నీళ్ళనీ ఒకే లెక్కన పెంచినప్పుడు నీళ్ళు చేరే చోటు మారదని హైమవతి చెప్పబోయింది. చెంబెడు నీళ్ళు పొయ్యనిస్తే నేనే చెప్పేవాణ్ణి. ఆవిడ వివరించడానికి కాగితం తీసి బొమ్మ గీయడం మొదలుపెట్టేసరికి ఆయన ఇంకో ప్రశ్న వేశాడు. వచ్చే ఏడాదే ఇది జరుగుతుందని కచ్చితంగా చెప్పగలరా అని.

"కచ్చితంగా చెప్పలేమండీ. సంభావ్యత మాత్రమే చెప్పగలం."

అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. ఆ ఒక్కరోజైనా చేతనై ఉంటే బాగుండేదని ఇప్పటికీ నా బాధ. ఆయన ఫైలు మీద 'మరింత అధ్యయనం అవసరం' అని రాసి, రెండేళ్ళ పరిశోధనకు అక్కడికక్కడే అనుమతించాడు.

బయట వరండాలో కూర్చోబెట్టిన దాసమ్మ లేచి నిలబడింది. "ఏటన్నారమ్మా?"

"ఇంకా పరిశీలించమన్నారు."

"దేన్ని?"

 నన్ను ఆ వరండాలోనే, బీరువా పక్కన పెట్టి వెళ్ళారు. పర్యావరణ దినోత్సవానికి దుమ్ము దులిపి బల్ల మీదకెక్కించారు. నా పక్కన నిలబడి చాలామంది ఫోటోలు దిగారు. మిగతా రోజుల్లో నా సముద్రంలో టీ గ్లాసులు పెట్టేవారు.

మరుసటేడు కార్తీకంలో తుపాను వచ్చింది. జనం ముందే మెరకకెక్కారు కాబట్టి ప్రాణాలు దక్కాయి. మూడు రోజులు సముద్రం ఒడ్డును కోసుకుంటూ వచ్చింది. గాలి తగ్గి వెళ్ళి చూస్తే బడి గోడ ఒకటి నిలిచి ఉందట, మిగతాదంతా నీళ్ళేనట. ఎర్ర గీతకు ఏడడుగుల ఇవతల సముద్రం ఆగిందని వరండాలో ఎవరో చెప్పుకుంటుంటే విన్నాను. పదకొండేళ్ళ కొలతలో తేడా ఏడడుగులు. మెచ్చుకునేవాడు ఒక్కడూ లేడు.

నెల తర్వాత దాసమ్మ, హైమవతి కలిసి వచ్చారు. దాసమ్మ నా ముందు ఆగి మొదటి వరస కాసేపు చూసింది.

"మీ లెక్క తప్పయిపోతే బాగున్నమ్మా," అంది.

"నేనూ ఇన్నేళ్ళుగా అదే కోరుకుంటున్నాను పిన్నీ," అంది హైమవతి.

పెద్ద అధికారికి బదిలీ అయింది. ఫైలు చూసే గుమాస్తా ఆ వరండాలోనే తన బల్ల దగ్గర వాళ్ళను కూర్చోబెట్టి కొత్త ఉత్తర్వు చదివి వినిపించాడు. ప్రమాదపు అంచున ఉన్న గ్రామాలను తరలించడానికి ఉద్దేశించినది ఈ పథకం. సదరు గ్రామం ప్రస్తుతం ఉనికిలో లేనందున తరలింపు ప్రశ్న ఉత్పన్నం కాదు. ఫైలు మూసివేయడమైనది.

దాసమ్మ రెండోసారి చదివించుకుని వింది.

"ఊరున్నన్నాల్లూ బయం నేదన్నారు. ఇప్పుడు ఊరే నేదంతన్నారు. మద్దిన ఎప్పుడు రావాల బాబూ మేం?"

గుమాస్తా తలొంచుకుని ఫైలు తాడు ముడి వేశాడు. ఆ తాడు అంతసేపు ముడి వెయ్యాల్సిన తాడు కాదు. చివరికి సొరుగులోంచి తెల్లకాగితం తీసి హైమవతి ముందు పెట్టాడు. ఇదే మాట అర్జీగా రాసిస్తే పైకి పంపిస్తానన్నాడు.

హైమవతి కలం తీసింది. దాసమ్మ పేరు రాసింది, భర్త పేరు రాసింది. ఊరు అన్నచోటికి వచ్చి ఆగిపోయింది. దాసమ్మ ఆ కాగితం వైపు చూసింది. ఆవిడకు చదువు రాదు గాని కలం ఎక్కడ ఆగిందో తెలిసింది.

"అక్కడ ఏటి రాయాల బాబూ?" అని గుమాస్తాని అడిగింది.