ఆ ముఖం తర్వాత

డాక్టరమ్మ రెండు వేళ్ళు కుడికీ ఎడమకీ ఆడుతుంటే, రైలు డ్రైవరు తల కదపకుండా చూపుతో వాటి వెంట పోతున్నాడు. అలా చూస్తూ జరిగింది తలుచుకుంటే మనసులో పాతుకున్న భయం వదులుతుందట. పసిబిడ్డకు గిలక్కాయ చూపించినట్టుంది, ఇదేం వైద్యమని మొదట్లో నవ్వుకున్నాడు. ఇప్పుడు చెమటకు చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

బయట బల్లమీద రైల్వే ఆఫీసరు కాచుకుని ఉన్నాడు. డ్రైవర్లు చాలడం లేదు, ఇతను రేపు బండెక్కి తీరాలి. ఈ సెలవుమీద సగం జీతంతో ఎన్నాళ్ళు ఈదనని ఇంట్లో భార్య కూడా అంటోంది.

వేళ్ళు ఆగాయి. "ఏం కనిపిస్తోంది?"

"అదే ముఖం. పట్టాలమీద నుంచి నన్నే చూస్తోంది. అక్కడితో అంతా ఆగిపోతుందమ్మా, ఆ తర్వాతది గుర్తు రాదు."

ఆ రోజు పట్టాలమీద ఆడమనిషిని చూసి బ్రేకు వేసినా బండి ఆగలేదు. ఎవరికి మాత్రం ఆగుతుంది? పైవాళ్ళు ఆత్మహత్య అని రాస్తే చూపించినచోట సంతకం చేశాడు. చావాలని వచ్చినదాన్ని ఎవరాపగలరని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. కానీ పట్టాల పక్క గుడిసెల్లో ఆమె కూతురుంది. అమ్మ నన్ను వద్దనుకుని పోయిందని ఆ పిల్ల సరిగా అన్నమే తినడం లేదట. అది విన్నప్పట్నుంచీ ఇతనికి కంటిమీద కునుకు లేదు.

"మీరిక్కడే ఉన్నారు, నా ఎదురుగా. భయం లేదు. ఆ తర్వాత ఏదొస్తే అది రానివ్వండి," అంది డాక్టరమ్మ. వేళ్ళు మళ్ళీ కదిలాయి.

ముఖం కాస్త దూరం జరిగింది. భుజం కనిపించింది. చెయ్యి కనిపించింది. డ్రైవరు చూపు చెదిరి నేలమీద పడింది.

"చంకన బిందె ఉందమ్మా. నిండు బిందె. ఆ గుడిసెల వైపు కుళాయి లేదు కదా, పట్టాలు దాటి తెచ్చుకోవాలి... పారేసి గెంతితే బతికిపోయేది. పారెయ్యలేదు. పట్టా పక్కన దించబోయింది ఆ తల్లి, నీళ్ళు ఒలక్కుండా..."

ఇన్నాళ్ళూ తన భయానికి ఏడ్చినవాడు ఆమె కోసం ఏడ్చాడు. డాక్టరమ్మ వేళ్ళు ఆపి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

అతను బయటికి రాగానే ఆఫీసరు లేచాడు. "ఏవయ్యా, కుదుటపడ్డావా? పొద్దున్న బండి నీదే."

"పొద్దున్న ఆ పిల్ల దగ్గరికి పోతున్నాను సార్. వాళ్ళమ్మ చావడానికి రాలేదని చెప్పాలి."

"మతుందా నీకు? సంతకం పెట్టింది నువ్వే. ఇప్పుడు నోరు విప్పితే అక్కడ వంతెనెందుకు కట్టలేదని మా పీకలమీదికొస్తుంది. నీ ఉద్యోగం ఊడుతుంది. నోరు మూసుకుని బండెక్కు."

"ఎక్కను సార్. ముందు ఆ పిల్ల అన్నం తినాలి."

జన్మలో ఆఫీసరుకి ఎదురు చెప్పినవాడు కాదు. గోడ పట్టుకుని మెట్లు దిగాడు.