కాళ్ల ఘాటు

దానయ్య బేసిన్‌లో వేలు ముంచి నాలుక్కి రాసుకున్నాడు. చురుక్కుమంది.

"ఇంకా ఉందే" అన్నాడు.

భార్య రెబ్కా బేసిన్ ఎత్తి, అతని కాళ్లు కడిగిన నీళ్లు కాలవలో పారబోసి వచ్చింది.

గుంటూరు మిర్చి యార్డులో గోతాల్లోకి దిగి కాయలు తొక్కడం దానయ్య పని. పెళ్లినాటికే తొక్కుతున్నాడు. మడమలు నెర్రెలిచ్చి, వేళ్ల సందులు ఎర్రగా ఒరుసుకుపోయి ఉంటాయి. రోజూ ఇంటికి రాగానే ముందు నూనె, తర్వాత శనగపిండి, ఆపైన వేపాకు వేసిన గోరువెచ్చని ఉప్పునీళ్లు. అప్పుడుగానీ కంచం ముందు కూర్చోడు. కాళ్లకి ఇంత సేవ చేసుకునే మగాణ్ణి రెబ్కా ఎక్కడా చూడలేదు.

"పెళ్లికూతురికైనా ఇంత నలుగు పెట్టరయ్యా" అని ఏడిపించేది.

ఇవాళ ఏడిపించలేదు. గుడ్‌ఫ్రైడే ముందు గురువారం. యేసు శిష్యుల కాళ్లు కడిగినట్టు, సాయంత్రం గుడిలో అయ్యగారు పెద్దల కాళ్లు కడుగుతారు. ఏటా పిలుస్తూనే ఉన్నారు, ఏటా దానయ్య ఏదో వంకతో తప్పించుకుంటూనే ఉన్నాడు. ఈసారి జయపాల్ అయ్యగారు ఇంటికొచ్చి మరీ మాట తీసుకున్నారు. తన కాళ్లు కడిగిన చేత్తో ఆయన కళ్లు తుడుచుకుంటే? దానయ్య దిగులంతా అదే. రెండ్రోజులుగా పనికి కూడా పోలేదు.

"ఎముకల్లోకి దిగిందంటావా?" అంటూ తన కాళ్లనే వింతగా చూసుకున్నాడు.

రెబ్కాకీ అదే వింతగా ఉంది. ఇన్నేళ్ల ఘాటు మనిషిలోంచి అసలు దిగుతుందా? మళ్లీ నీళ్లు కాచి, వేపాకు వేసి తెచ్చింది. దానయ్య కాళ్లు పెట్టి, "హమ్మయ్య" అని గోడకి ఆనుకున్నాడు.

"గుడి గంట కొట్టంగానే లేపు."

గంట కొట్టారు. లేపింది. లేవలేదు.

ఆమె కేకలకి వీధంతా చేరింది. అయ్యగారు గుడిలో వేసుకున్న తెల్ల గౌనుతోనే పరుగెత్తుకొచ్చారు. నాడి చూసి తల దించుకున్నారు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని బేసిన్‌లో చేతులు పెట్టారు.

"వద్దండి అయ్యగారూ, కళ్లు మండుతాయండి!" అంది రెబ్కా.

"మండనీలేమ్మా" అన్నారాయన. ఒక్కో కాలూ కడిగి తన తువ్వాలుతో తుడిచారు. ఆ చేతులతోనే కళ్లు తుడుచుకున్నారు.

దానయ్యని మంచమ్మీద పడుకోబెట్టాక రెబ్కా బేసిన్ దగ్గరికి వెళ్లింది. వేలు ముంచి నాలుక్కి రాసుకుంది. ఉప్పగా ఉంది, అంతే. ఘాటు లేదు.

"పోయిందయ్యా!" అంటూ మంచం వైపు తిరిగింది.

ఆ నీళ్లు పారబోయడానికి ఆమెకి మనసొప్పలేదు. గోడ పక్కన బేసిన్ అలాగే ఉంది, నీళ్ల మీద రెండు వేపాకులు తేలుతూ.