బావ మెడకు వేసిన ముడి

ట్యూనిస్ ఆకర్‌మన్ పీపాలు చేసేవాడు. హడ్సన్ నది పడమటి గట్టున, కొండల కింద అతని ఇల్లూ కొట్టమూ ఉండేవి. పిండికైనా, ఉప్పు వేసిన పంది మాంసానికైనా, ఆపిల్ సారాకైనా ఆ చుట్టుపక్కల డచ్చి కుటుంబాలన్నీ అతని పీపాలే వాడేవి. ఇంగ్లీషు రాజు మీద తిరగబడ్డ సైన్యం ఆ కొండల్లో కోట కట్టుకున్నాక వాళ్లకూ అతనే చేసిచ్చేవాడు. అతని భార్య గ్రీట్యే. ఆమె తమ్ముడు హార్మెన్ నది మీద తెరచాప పడవల్లో పనిచేసేవాడు. చిన్నప్పుడే తల్లి పోతే అతన్ని పెంచింది అక్కే. పెళ్లయి వస్తూ వస్తూ తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చింది. ట్యూనిస్ కాదనలేదు.

రాజు కోసం గూఢచారి పని చేద్దామన్న ఆలోచన హార్మెన్‌దే. న్యూయార్కు రాజు సైన్యం చేతిలో ఉంది. అక్కడి రేవులో ఒక అధికారి అతనితో మాట కలిపాడు. కోటలో ఫిరంగులు ఎటువైపు తిరిగి ఉన్నాయో, కాపలా ఎక్కడ పలచగా ఉందో చెబితే, యుద్ధం గెలిచాక నది పక్కన సొంత పొలం ఇస్తామన్నాడు. హార్మెన్ కోటలోకి పోలేడు. పోగలిగినవాడు బావ.

"రోజూ పోతూనే ఉన్నావుగా బావా. కళ్లు మూసుకుని పోవు కదా!" అన్నాడు ఒకరోజు కొట్టంలో.

"కళ్లకి పని పెడితే మెడకి పని పడుద్దిరా" అన్నాడు ట్యూనిస్, చెక్క చెక్కుతూనే.

"నీ గుర్రాల్ని తోలుకుపోయినప్పుడు ఏమైందో ఈ తెలివి!"

ఆ మాట తగిలింది. తిరుగుబాటు వాళ్లు పోయిన చలికాలం అతని గుర్రాల జతని సైన్యం పేరు చెప్పి తోలుకుపోయారు. వాటిలో ఒకటి దారిలోనే చచ్చిపోయిందని తరవాత తెలిసింది. ట్యూనిస్ చెక్కుతున్న చెక్కని పక్కన పడేశాడు. ఆ తరవాత కోటలో పీపాలు దించి వచ్చినప్పుడల్లా చూసింది చూసినట్టు బావమరిదికి చెప్పసాగాడు. హార్మెన్ అది మోసుకుపోయేవాడు.

వేసవంతా బాగానే గడిచింది. పట్టించింది హార్మెన్ నోరే. ఒక సారా దుకాణంలో పక్కన కూర్చున్నవాడు పై అంగీ కాస్త తొలగించి లోపల రాజు సిపాయిలు తొడిగే ఎర్రకోటు చూపించాడు. రాజు మనిషేనని నమ్మి హార్మెన్ పొంగిపోయాడు. "మా బావ ఉన్నాడే, ఆ కోట అతని అరచేతిలో ఉన్నట్టే" అన్నాడు. ఇంకా చాలా చెప్పాడు. ఆ ఎర్రకోటు చచ్చిన సిపాయి ఒంటి మీంచి ఒలిచింది. తొడుక్కున్నవాడు తిరుగుబాటు సైన్యం మనిషి. మర్నాడే ఇద్దరినీ కట్టి తీసుకుపోయారు.

విచారణ చర్చిలో జరిగింది. ట్యూనిస్‌కు బాప్తిస్మం ఇచ్చిన చర్చే అది. ఉపదేశం చెప్పే పీఠం కింద బల్ల వేసుకుని అధికారులు కూర్చున్నారు. ఎర్రకోటు వాడు వచ్చి విన్నదంతా చెప్పాడు. కోట వంటవాడు వచ్చి, పీపాల మనిషి ఫిరంగుల దగ్గర పనిలేకుండా తచ్చాడేవాడని చెప్పాడు. ఇక దాచడానికేమీ మిగల్లేదని ట్యూనిస్‌కు అర్థమైంది. లేచి నిలబడ్డాడు.

"అయ్యా, ఈ కుర్రవాడు ఒట్టి వాగుడుకాయ. ఇది నేను పెట్టిన పని. పో అన్నాను, పోయాడు. నా ఇంట్లో తిండి తింటున్నవాడు, కాదని ఎట్లా అంటాడు?"

బల్ల మధ్యన కూర్చున్న అధికారి హార్మెన్ వైపు తిరిగాడు. "నిజమేనా?"

హార్మెన్ బావ వైపు చూశాడు. ట్యూనిస్ అతని వైపు చూడలేదు. కిటికీ వైపు చూస్తున్నాడు. కాదు, ఆలోచన నాది, అతన్ని రెచ్చగొట్టింది నేను, పట్టించిందీ నేనే: ఈ మాటలన్నీ హార్మెన్ గొంతు దాకా వచ్చాయి.

"నిజమే" అన్నాడు.

అయినా ఇద్దరికీ ఉరిశిక్షే వేశారు. వాళ్లను ఒక రాతి ఇంటి కింది గదిలో పెట్టారు. అక్కడ క్యాబేజీ నిలవ చేసేవారేమో, గోడలు కూడా పులిసిన వాసన కొట్టేవి.

"ఎందుకట్లా చెప్పావు బావా?"

"నా మెడ ఎట్లాగూ పోయిందిరా. కోటలోకి పోయింది నేను. మీ అక్కకి ఇద్దరం పోతే ఎవరున్నారు? ఒక్కడైనా మిగుల్తాడేమోనని చూశా. కుదర్లేదు." నవ్వాడు. "నీ నోటికి పీపా మూత బిగించాల్సింది. ఇంతకాలం చేసిన పనిలో అదొక్కటే మర్చిపోయా."

ఖైదీల మీద అధికారి లోథ్రప్ అనే కెప్టెన్. అతనికొక చిక్కు వచ్చింది. దండులో ఉరి తీయడానికి ఎవరూ ముందుకు రావడంలేదు. తుపాకీ పట్టమంటే పడతాం గానీ తాడు పట్టం అన్నారు సిపాయిలు. అతను హార్మెన్‌ను పైకి పిలిపించాడు.

"నువ్వు పడవ మనిషివి. ముడులు వేయడం వచ్చు. పెద్దవాడి పని నువ్వు కానిస్తే నీ శిక్ష రద్దు. పై వాళ్లతో మాట్లాడాను."

"నా అక్క మొగుడండీ!"

"తెలుసు. నువ్వు కాదంటే ఇద్దర్నీ తీయడానికి ఇంకెవడినో వెతుకుతాను. వాడికి ముడి వేయడం వస్తుందో రాదో చెప్పలేను. కిందికెళ్లి అతన్ని అడిగి రా, కావాలంటే."

హార్మెన్ కిందికెళ్లలేదు. అడగకుండానే ఒప్పుకున్నాడు. బావ వద్దంటాడేమోనన్న భయం కన్నా, సరేనంటాడేమోనన్న భయమే ఎక్కువగా ఉంది. అన్నిటికన్నా బతకాలన్న ఆశ ఎక్కువగా ఉంది. ఆ సంగతి అతనికి అప్పుడే తెలుసు.

మెట్లు దిగి వచ్చి తలవంచుకుని చెప్పాడు. ట్యూనిస్ గడ్డి మీద వెనక్కి వాలి పైకప్పు చూస్తూ ఉండిపోయాడు. చివరికి, "ఒప్పుకున్నాక వచ్చి అడుగుతున్నావా, అడిగి ఒప్పుకుంటావా?" అన్నాడు.

హార్మెన్ తల ఎత్తలేదు.

"సరేలే. ముడి గట్టిగా, ఎడమ చెవి కిందికి వచ్చేట్టు వెయ్యి. ఎక్కువసేపు తన్నుకోకుండా చూడు. అంతే నేనడిగేది." అటు తిరిగి పడుకున్నాడు. ఆ తరవాత ఆ గదిలో అతను బావమరిదితో మాట్లాడలేదు.

ఎవరూ గుర్తుపట్టకుండా హార్మెన్ మొహానికి కొవ్వులో కలిపిన మసి పూశారు. నిండు ఎండలో, మైదానం మధ్య ఉరికొయ్య కింద బండి నిలబెట్టారు. ట్యూనిస్ బండెక్కి అతని మొహం చూశాడు.

"పొయ్యిలో పడుకుని లేచిన పిల్లిలా ఉన్నావురా" అన్నాడు మెల్లగా, డచ్చిలో.

ఎన్ని తుఫానుల్లో తాళ్లు కట్టిన చేతులో హార్మెన్‌వి. ఆ రోజు మాట వినలేదు. ముడి ఎడమ చెవి కింద నిలవక మెడ వెనక్కి జారింది. సరిచేయబోయేలోపే డప్పు మోగింది, బండి కదిలిపోయింది. ట్యూనిస్ తన్నుకోవడం మొదలుపెట్టాడు. అది ఆగలేదు. చూస్తున్నవాళ్లు గొణగసాగారు. ఎవడో "లాగరా!" అని అరిచాడు. హార్మెన్ పరిగెత్తి బావ కాళ్లు రెండూ వాటేసుకుని తన బరువంతా వేసి వేలాడాడు, ఆ కాళ్లు కదలడం మానేదాకా.

మధ్యాహ్నానికి గ్రీట్యే పొరుగువాళ్ల ఎద్దుబండి తోలుకుని శవం కోసం వచ్చింది. సాయానికి సార్జెంటు మసి మొహం వాణ్ణే పిలిచాడు. ఆమె అతని వైపు అసహ్యంగా కూడా చూడలేదు. "తల వైపు పట్టుకో. మెల్లగా" అని సైగ చేసి చెప్పింది. అతను తల వైపు పట్టుకున్నాడు.

"మా తమ్ముడు?" అని వచ్చీరాని ఇంగ్లీషులో సార్జెంటును అడిగింది.

సార్జెంటు హార్మెన్ వైపు ఒకసారి చూసి, "క్షమాభిక్ష పెట్టారమ్మా. వస్తాడు" అన్నాడు.

"దేవుడా, ఒక్కణ్ణయినా మిగిల్చావు" అని ఆమె బండి చక్రం పట్టుకుని ఏడ్చింది.

కొవ్వు మసి తొందరగా వదల్లేదు. అది పూర్తిగా పోయేదాకా హార్మెన్ నది ఒడ్డున తిరిగి, అప్పుడు ఇంటికెళ్లాడు. అక్క వాకిట్లోనే వాటేసుకుంది. మజ్జిగ పోసింది, రై గింజల రొట్టె కోసిపెట్టింది. ప్రతిసారి భోజనం ముందు ప్రార్థనలో, "నా తమ్ముణ్ణి నాకు తిరిగి ఇచ్చినందుకు" అనేది. ఆ మాట వినగానే అతనికి ముద్ద దిగేది కాదు. ఒకరోజు ఆమె ఆమెన్ అనకముందే, కళ్లు మూసుకునే ఉండగా, చెప్పేశాడు. సారా దుకాణం సంగతి, చర్చిలో అన్న మాట, మసి, తాడు, అన్నీ.

గ్రీట్యే కళ్లు తెరవడానికి చాలాసేపు పట్టింది.

"బాధపడ్డాడా?"

హార్మెన్ చేతులు బల్ల కింద ఆ కాళ్ల బరువును ఇంకా మోస్తూనే ఉన్నాయి.

"లేదక్కా. వెంటనే పోయాడు."

ఆమె తల ఊపింది. రొట్టె మీద గుడ్డ కప్పింది. "కప్పు కారుతోంది. మంచు పడకముందు బాగుచేసి, ఆ తరవాత వెళ్లిపో" అంది.

అతను చెక్క పెంకులు చీల్చి, పాతవి పీకి, కప్పంతా కొత్తగా వేశాడు. భోజనం ఆమె నిచ్చెన కింద పెట్టి లోపలికి వెళ్లిపోయేది. పని అయ్యాక సంచి భుజాన వేసుకుని కిందికి దిగాడు. ఆమె బయటికొచ్చి కప్పు వైపు చూసింది, అతని వైపు కాదు.

"పొగగొట్టం పక్కన కూడా వేశావా?"

"వేశానక్కా."

"సరే."

యుద్ధంలో రాజు ఓడిపోయాక, అతని పక్షం వాళ్లతో పాటు ఓడెక్కి హార్మెన్ ఇంకా రాజు ఏలుబడిలోనే ఉన్న నోవా స్కోషియా చేరాడు. అక్కడ రేవులో పనికి కుదిరాడు గానీ తాడు ముట్టే పని ఏదీ ఒప్పుకోలేదు. అక్కకు మిగతావన్నీ చెప్పి, బావ తన్నుకున్న సంగతి ఒక్కటీ ఎందుకు దాచానా అని అనుకునేవాడు. ఆమె గుండె పగలకూడదనా, తనను ఆమె ఇంకా అసహ్యించుకోకూడదనా? రెండోదేనని ఎక్కువ రోజులు అనిపించేది.