చేతికి పాస్‌పోర్టు ఎందుకు

"కఫీల్ పోయిన బేస్తారమే సంతకం వెట్టిండు గదా భాయ్, ఇంకా సామాన్ కట్టలేదేంది?"

డ్రైవర్ రహమతుల్లా మాటకు హన్మంతు చేతిలో అన్నం ముద్ద ఆగిపోయింది. కఫీల్ అంటే వీసా ఇచ్చిన అరబ్బు. అతను సంతకం పెట్టనిదే దేశం దాటడం కుదరదు. కఫీల్ ఒప్పుకోవడం లేదని ఏడాదిగా చెబుతున్నది యజమాని బాకర్.

"నువ్వు జూసినవా?"

"చూసుడేంది, కాగితం నేనే తెచ్చి దొర చేతిల వెట్టిన. నీ పాస్‌పోర్టుతోని బీరువల దాసిండు."

హన్మంతు చెయ్యి కూడా కడుక్కోలేదు. ఎండలో షెడ్డు దాకా నడిచి తలుపును కాలితో తన్నాడు.

లోపల బాకర్ ముందు బల్ల మీద రాగిరేకు ఉంది. మూడొందల ఏళ్ల కిందట ఎవరో డచ్చివాడు చెక్కిన గల్ఫ్ తీరపు పటం అని బాకర్ దాన్ని అమ్మబోతున్నాడు. నాలుగింటికి లండన్ నుంచి కొనేవాడు వస్తాడు. చెక్కింది మాత్రం హన్మంతు. దుబాయ్‌కి అవతల ఉమ్ అల్ క్వైన్‌లో, ఈ రేకుల కొంపలో, పద్నాలుగు నెలలు చెక్కాడు. పాతదిగా కనిపించాలని ఉప్పునీళ్లలో నానబెట్టింది బాకర్.

కోర్నెలిస్ బాకర్ ఒకప్పుడు నిజమైన పనివాడే. హాలెండ్‌లో పద్నాలుగో ఏట ఉలి పట్టాడు. నలభై దాటగానే కుడిచెయ్యి వణకడం మొదలైంది. అప్పట్నుంచి వేరేవాళ్లు చెక్కినవి కొని అమ్మడమే పని. పదేళ్లు బొంబాయిలో ఉండి హిందీ నేర్చాడు. గల్ఫ్‌లో కొత్త మేడలు లేచి, వాటి గోడలకు పాత పటాలు కావలసి వచ్చాక, డెబ్బై ఆరులో దుబాయ్ చేరాడు. నాలుగేళ్ల తర్వాత అక్కడి బనియాస్ చౌరస్తాలో ఒక కూలీ టిఫిన్ డబ్బా మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు చూశాడు. ఒక్క చుక్క వంకర లేదు. ఆ కొట్టినవాణ్ణి, హన్మంతును, వెతికి పట్టుకున్నాడు.

"నా పాస్‌పోర్టు తియ్యి," అన్నాడు హన్మంతు.

"కఫీల్ నై మాన్‌తా," అన్నాడు బాకర్ తలెత్తకుండా.

"ఝూట్! సంతకం అయింది. నా బిడ్డకు నాలుగేండ్లు. నాయిన ఏడున్నడంటే టేప్ రికార్డర్ చూపెడుతదట. నేను పంపిన క్యాసెట్ల గొంతు ఇనుడే తప్ప నన్ను చూడలే అది!"

బాకర్ అప్పుడు నవ్వాడు. వణికే కుడిచెయ్యి పైకెత్తి చూపించాడు. "యే మర్ గయా. అబ్ తుమ్ మేరా హాథ్. నువ్వే నా చెయ్యి. చేతికి పాస్‌పోర్టు ఎందుకు?"

హన్మంతు ఉలి, సుత్తి అందుకున్నాడు. ఉలి మొనను పటం నడిబొడ్డున ఆనించాడు. "తియ్యి. లేకుంటే అడ్డంగ గీకుత."

"గీకో." బాకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. "నీ వల్ల కాదు. నా వల్లా కాలేదు. నా ఆఖరి రేకును గీతలు కొట్టి పాడుచేయమన్నారు, మళ్లీ అచ్చు వెయ్యకుండా. కొట్టలేకపోయాను. అదిగో."

గోడ మీద అరచేతి పొడవు రాగిరేకు వేలాడుతోంది. మీద ఒక పడవ, గాలికి ఉబ్బిన తెరచాప. బాకర్ రోజూ పొద్దున్నే తుడిచేది దాన్నే.

హన్మంతు ఉలి కదలలేదు. ముసలాడు చెప్పింది నిజం. పద్నాలుగు నెలల కళ్లమంట ఆ గీతల్లో ఉంది. దాన్ని పాడుచేసే చెయ్యి తనకు లేదు.

రెండంగల్లో గోడ దగ్గరికి వెళ్లి పడవ రేకు లాగి బల్ల మీద పడేశాడు. తెరచాప మీద ఉలి పెట్టి సుత్తి ఎత్తాడు.

"నై!"

ఆ కేకకు రహమతుల్లా పరుగెత్తుకొచ్చాడు. బాకర్ వణుకుతూ తాళంచెవి బీరువాలో దూర్చలేక దూర్చలేక దూర్చాడు. పాస్‌పోర్టు, దానిలో మడతపెట్టిన కాగితం బల్ల మీదికి వచ్చాయి. బాకర్ పడవ రేకును రెండు చేతులా గుండెకు అదుముకుని నేలమీద కూలబడ్డాడు.

పాస్‌పోర్టు జేబులో పెట్టుకుని హన్మంతు తన పటాన్ని ముందుకు లాక్కున్నాడు. టక్. టక్. టక్. తీరం దాటి సముద్రం ఉన్న ఖాళీ చోట చుక్కలు పడుతున్నాయి.

"క్యా కర్తే హో? పోలీస్‌ని పిలుస్తాను!"

"పిలువు. మూడొందల ఏండ్ల రేకు మీద నిన్న మొన్నటి హన్మంతు ఎట్లొచ్చిండో వాళ్లకు జెప్పు."

"యల్లా, నడు భాయ్, లండనోని కారొచ్చింది!" రహమతుల్లా చెయ్యి పట్టి లాగాడు. "ఖలాస్, వదిలెయ్!"

"ఆగు. మా దిక్కు గిన్నె ఎవలదైతే పేరు వాళ్లదే వడుతది."

గేటు దగ్గర హారన్ మోగింది. పేరయిపోయింది. ఊరి పేరు మిగిలింది. హన్మంతు మళ్లీ సుత్తి ఎత్తాడు.